జామకొమ్మ విల్లు

మన ఊళ్లలో జామకొమ్మకు రెండే ఉద్యోగాలు: సన్నదైతే పంగలకర్ర, లావుదైతే గొడ్డలి కామ. వంచితే వంగి, వదిలితే మళ్లీ నిలబడే గుణం ఉంది కాబట్టే ఆ పనులు దానికి దక్కాయి. విల్లుకు కావలసిందీ అదే. మన్యంలో విల్లంటే వెదురుబద్దే గానీ, పెరట్లో జామచెట్టున్నవాడు అంత దూరం వెళ్లనక్కర్లేదు. శ్రీరాముడికి మాత్రం ఈ సదుపాయం లేదు. జామను మన దేశానికి తెచ్చింది పోర్చుగీసువాళ్లు.

ఐదున్నర అడుగుల పొడవు, మణికట్టు కంటే కాస్త లావు, పక్క కొమ్మలు లేని కొమ్మ కావాలి. జామచెట్టులో అలాంటిదాన్ని వెతకడం పెళ్లిసంబంధం చూడటం లాంటిదే. ఎక్కడో ఒక వంకర ఉంటుంది, మనం సర్దుకుంటాం.

కోసే ముందు కొమ్మ పైవైపున సుద్దతో ఒక గీత గియ్యండి. విల్లు లాగినప్పుడు గురి వైపున్న ముఖం సాగుతుంది, మన వైపున్న ముఖం నలుగుతుంది. చెట్టు మీద ఉన్నన్నాళ్లూ కాయల బరువుకు కిందికి వాలకుండా కొమ్మను పట్టి ఉంచింది దాని పైవైపు. లాగుడు దానికి కొత్త కాదు. అందుకని ఆ వైపే విల్లుకు బయటి ముఖం. దాని మీద బెరడు ఒలవాలి, అంతే. కత్తి గాటు ఒక్కటి పడినా పీచు తెగుతుంది, విరిగితే అక్కడి నుంచే విరుగుతుంది. జామబెరడు పలచన కనుక స్పూను అంచుతో గీకినా వచ్చేస్తుంది. చెక్కుడంతా లోపలివైపే.

నా మొదటి కొమ్మను తొందరగా ఆరుతుందని డాబా మీద ఎండలో పెట్టాను. మధ్యాహ్నం టపాకాయ పేలినట్టు చప్పుడైంది. పైపొర ఎండి కుంచించుకుపోతుంటే లోపలి చెక్క ఇంకా పచ్చిగానే ఉంది. ఇక చీలిక తప్పదు. రెండోదాన్ని లోపలివైపు సగందాకా బాడిశతో చెక్కేసి, రెండు కొసలకూ ఫెవికాల్ పూసి, నీడలో పెట్టాను. వారానికోసారి కాటా మీద తూచాను. బరువు తగ్గడం ఆగేసరికి మూడు నెలలు పట్టింది. ఈలోగా ఇంట్లోవాళ్లు దాన్ని బట్టలారేసే కర్రగా వాడబోయారు.

అసలు పని ఇక్కడ మొదలు. వెడల్పు సగం చేస్తే విల్లు బిగువు సగమవుతుంది. మందం సగం చేస్తే ఎనిమిదో వంతే మిగులుతుంది. 15 మిల్లీమీటర్ల మందంలో ఒకటిన్నర తీసేసినా పావుకు పైగా బలం పోయినట్టే. అందుకే బాడిశ పక్కన పెట్టి ఆకురాయి, ఆ తర్వాత సీసాపెంకు పట్టుకోవాలి. పెంకుతో గీకితే చెక్క ఉల్లిపొరలా లేస్తుంది.

వంపు చూడటానికి నేను పట్టుమధ్యను గోడమేకు మీద ఆనించి, నారికి తాడు కట్టి, కింద బిగించిన బావిగిలక గుండా లాగుతూ ఎదురుగోడ దగ్గర నిలబడి చూస్తాను. ఒకచోట ఎక్కువ వంగుతోందంటే అక్కడ చెక్క పలచబడిందన్నమాట. దాన్ని ముట్టుకోకూడదు, మిగతా చోట్ల గీకాలి. గీకినప్పుడల్లా ఇరవై ముప్పైసార్లు మెల్లగా లాగితే గానీ కొత్త వంపు బయటపడదు. వంపు సమంగా లేనంతవరకు ఒక్క అంగుళం కూడా ఎక్కువ లాగకూడదు. నాకు విల్లు ఎడమసగం మొండికేసింది. మూడు ఆదివారాలు దానికే పోయాయి. చివరికి 28 అంగుళాలు లాగితే లగేజీ కాటా 14 కిలోలు చూపించింది. 20 అనుకుని మొదలుపెట్టాను. ఆ ఆరు కిలోలూ పొట్టురూపంలో నేలమీద ఉన్నాయి.

ఎక్కుపెట్టడం అంటే గురిపెట్టడం అనుకుంటాం గానీ, అసలర్థం నారి తగిలించడం. పని అయ్యాక విప్పేయాలి, లేకపోతే నలిగిన లోపలిముఖం అలాగే ఉండిపోతుంది. విప్పినా నా విల్లు ఒకటిన్నర అంగుళాలు వంగే ఉంది. ఇప్పుడది హాల్లో రెండు మేకుల మీద అడ్డంగా ఉంది. ఇంటికొచ్చినవాళ్లు దాన్ని అందుకుని మొదట చేసేది బాణం లేకుండా లాగి వదలడం. బాణం తీసుకుపోవలసిన ఊపంతా అప్పుడు తిరిగి చెక్కమీదే పడుతుంది. అందుకని నారి నా జేబులో ఉంటుంది.