గ్రాఫిక్స్ కార్డులు: ఈథర్‌తో ఎగిరి, ఈథర్‌తోనే పడిన ధరలు

2020 సెప్టెంబరు 17న అమెరికాలో ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3080 కార్డు 699 డాలర్లకు విడుదలైంది. నిమిషాల్లో సరుకు ఖాళీ. ఆపైన ఆ ధర కాగితానికే పరిమితమై, 2021 మే నాటికి బయటి బజారులో రెట్టింపు మించి పలికింది.

చిప్పుల రాబడి చాలలేదన్నది నిజమే. చైనా సరుకుపై 25 శాతం అమెరికా సుంకం 2021 జనవరిలో తిరిగి పడింది కూడా. అయితే ధరలకు అసలు ఊపు డిజిటల్ నాణెం ఈథర్‌ను మైనింగ్ చేసేవారిది. ఆటల ప్రియులు ఒక్కటి అడిగిన చోట వారు టోకున ఎత్తుకుపోయారు. ఫిబ్రవరిలో వచ్చిన 329 డాలర్ల 3060 కార్డులో మైనింగ్ వేగాన్ని సగానికి బిగించినా, మరుసటి నెలలో కంపెనీ సొంత డ్రైవరే ఆ తాళం విప్పింది!

రాబడి చూసి రేటు కట్టే స్టాకిస్టులకు లెక్క తప్పింది ఇక్కడే. 2021 నవంబరులో 4,800 డాలర్లు దాటిన ఈథర్, 2022 జూన్‌లో వెయ్యి దిగువకు జారింది. సెప్టెంబరు 15న ఈథర్ మైనింగే నిలిచిపోయింది. వాడిన కార్డులు బజారును ముంచెత్తగా, హెచ్చు ధరకు కొని నిల్వ వేసినవారికి బేరాలు కరువయ్యాయి. ఆ ఆగస్టులోనే ఎన్‌విడియా, ప్రధానంగా పేరుకున్న నిల్వల కింద, సుమారు 130 కోట్ల డాలర్లు ఖర్చు రాసుకుంది.