పది అణాలు – ఒక దోమ



మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి హైదరాబాదుకు పోయిన పిల్లలు చార్మినారు చూస్తారు, గోలకొండ చూస్తారు. ఈసారి పోయినప్పుడు, బేగంపేటలో పాత విమానాశ్రయానికి దగ్గరగా ఉన్న ఒక చిన్న భవనాన్ని కూడా చూపించమని మీ పెద్దలను అడగండి. అది సర్ రోనాల్డ్ రాస్ స్మారక భవనం. ఉస్మానియా విశ్వవిద్యాలయం దానిని చూసుకుంటున్నది. అది తెరిచి ఉండే వేళలు ముందుగా కనుక్కొని వెళ్ళడం మంచిది. కోటలలో కనిపించే ఆడంబరం అక్కడ ఉండదు. కాని అక్కడ జరిగిన పని ప్రపంచమంతటికీ మేలు చేసింది.

అదేమిటో చెబుతాను, వినండి.

మన ఊళ్ళలో చలిజ్వరం అనే మాట మీరు వినే ఉంటారు. అదే మలేరియా. మొదట వణుకు పుడుతుంది. ఎన్ని గొంగళ్ళు కప్పినా చలి ఆగదు. తరువాత ఒళ్ళు కాలిపోతుంది. పిమ్మట చెమటలు పోసి జ్వరం దిగుతుంది. హమ్మయ్య అనుకునేలోగా, ఒకరోజు విడిచి మళ్ళీ వస్తుంది. ఇది ఎలా అంటుకుంటుందో పూర్వం ఎవరికీ తెలియదు. చిత్తడి నేలల నుంచి లేచే గాలి వల్ల వస్తుందనుకునేవారు. మలేరియా అనే ఇటలీ మాటకు అర్థమే చెడుగాలి.

1880లో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు రోగుల రక్తంలో ఈ జ్వరాన్ని కలిగించే సూక్ష్మజీవిని చూశాడు. మరి అది ఒకరి నుంచి మరొకరికి ఎలా చేరుతున్నది? ఇందులో దోమల పాత్ర ఉండవచ్చునని లండనులో మాన్సన్ అనే వైద్యుడు ఊహించాడు. ఊహ వేరు, ఋజువు వేరు. ఆ ఋజువు కోసం పూనుకున్నవాడు రాస్.

రాస్ 1857లో మన దేశంలోనే, అల్మోరాలో పుట్టాడు. సైనిక వైద్యుడై 1895లో సికింద్రాబాదుకు వచ్చాడు. రోగులను కుట్టిన దోమలను ఒక్కొక్కటిగా కోసి, సూక్ష్మదర్శినిలో పరీక్షించేవాడు. మండు వేసవిలో కూడా పంకా వేయించుకునేవాడు కాదు; గాలికి దోమ ముక్కలు ఎగిరిపోతాయి కదా! నుదుటి చెమట పడి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. రెండేళ్ళు గడిచినా ఫలితం లేదు. కారణమేమంటే, ఆయన వెతుకుతున్నది మలేరియాను మోయని జాతి దోమలలో!

1897 ఆగస్టులో ఆయన సహాయకులు తెచ్చిన నీటిపురుగుల నుంచి రెక్కల మీద మచ్చలున్న దోమలు పుట్టాయి. అప్పుడు హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి, వాటి చేత కుట్టించుకోవడానికి ఒప్పుకున్నాడు. దోమకు ఒక అణా చొప్పున కూలి. రూపాయికి 16 అణాలు. ఆగస్టు 16న పది దోమలు కుట్టాయి. అతనికి పది అణాలు ముట్టాయి.

ఆగస్టు 20 నాటికి ఆ దోమలలో కొన్నే మిగిలాయి. ఆనాడు రాస్ ఒకదానిని కోసి చూశాడు. దాని కడుపు గోడలో గుండ్రని కణాలు, వాటిలో నల్లని రేణువులు! మలేరియా రోగి రక్తంలో కనిపించే రేణువులే అవి. మరునాడు ఇంకొక దోమను కోశాడు. అందులో ఆ కణాలు మరింత పెద్దవిగా ఉన్నాయి. అంటే అవి ప్రాణంతో ఉన్నాయి, దోమ కడుపులో పెరుగుతున్నాయి!

అంతటితో పని ముగిసిందా? లేదు. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాను పరీక్షించి, ఆ సూక్ష్మజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరుతుందనీ, కుట్టినప్పుడు అక్కడి నుంచి రక్తంలో ప్రవేశిస్తుందనీ రాస్ చూపాడు. అదే ఏడు ఇటలీలో గ్రాసీ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివారు, మనుషుల విషయంలోనూ ఇంతేనని ఋజువు చేశారు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ బహుమతిని తలుచుకున్నప్పుడు ఆ పది అణాలను కూడా తలుచుకోండి. జ్వరంతో ఉండి కూడా చేయి చాచిన హుసేన్ ఖాన్ లేకపోతే రాస్ సూక్ష్మదర్శినిలో చూడడానికి ఏముండేది? విజ్ఞానం ఒక్కరి చేతి పని కాదు.

ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుకుంటున్నారు. ఆ రోజున మీరు చేయదగిన పరిశీలన ఒకటి ఉన్నది. పెద్దలను వెంటబెట్టుకొని మీ ఇంటి నీళ్ళ తొట్టిని, పశువుల కుడితి గోలాన్ని, మూలన పడి ఉన్న పాత టైరును చూడండి. నీటిలో సన్నని పురుగులు కదులుతున్నాయా? తల కిందులుగా వేలాడేవి ఇతర జాతుల దోమపిల్లలు. నీటిపైన అడ్డంగా, పుల్లలాగా పడుకొని ఉండేవి రాస్ పట్టుకున్న అనాఫిలిస్ జాతివి. ఇవి ఎక్కువగా తేటనీటిలో పెరుగుతాయి. కనుక నీరు శుభ్రంగా ఉన్నదని ఏమరవద్దు. ఏ జాతివో పుస్తకంలో రాసుకోండి. రాసుకోవడం కాగానే ఆ నీటిని పొడినేల మీద పారబోసి, తొట్టి గోడలను తోమి ఆరబెట్టండి.