ముప్పై తొమ్మిదో ఏట ఎడారికి

"ఈ వయసులో బొమ్మలేంటమ్మా?" అంది మా అమ్మాయి, నేను కొని తెచ్చుకున్న రంగుల పెట్టె చూసి. నాకు ముప్పై ఎనిమిది. నవ్వేసి ఊరుకున్నాను గానీ ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. అప్పుడు గుర్తొచ్చింది ఓడెట్.

ఓడెట్ ద్యు ప్విగొడో 1894లో ఫ్రాన్స్‌లో పుట్టింది. తండ్రి ఫెర్డినాండ్ పేరున్న చిత్రకారుడు. బొమ్మలు వేయడం ఇంట్లోనే అబ్బింది. పారిస్‌లో శాస్త్రవేత్తలకి బొమ్మలు గీసిపెట్టింది, పత్రికలకి వ్యాసాలు రాసింది. గ్రీన్‌లాండ్ వెళ్లే షార్కో ఓడలో తనకీ చోటివ్వమంటే, ఆడదానివని కాదన్నారు.

మనమైతే అక్కడితో ఆగిపోయేవాళ్లమేమో! ఓడెట్ 1933 చివర్లో స్నేహితురాలు మారియాన్ సెనోన్‌తో కలిసి చేపలవాళ్ల పడవెక్కింది. మారియాన్ కూడా చిత్రకారిణే. ఇద్దరూ ఆఫ్రికాలోని మారిటానియాలో దిగి, ఒంటెల మీద సహారా దారి పట్టారు. అప్పటికి ఓడెట్‌కి ముప్పై తొమ్మిది!

ఆ దేశం అప్పుడు ఫ్రాన్సు ఏలుబడిలో ఉండేది. ఏలేవాళ్ల జాతి మనిషిగానే వెళ్లినా, ఆమె కూర్చున్నది మాత్రం గుడారాల్లో, ఆడవాళ్ల పక్కన. ఉన్ని నేసి గుడారం కుట్టేది వాళ్లే. తోలు దిళ్ల మీద రంగులద్దేదీ వాళ్లే. ఆ సంచులు, దిళ్లు, నగలు, జడల తీరు ఓపిగ్గా గీసుకుంది. ఇంట్లో రోజూ వాడుకునే వస్తువే కదా అని చిన్నచూపు చూడలేదు.

ఆ ప్రయాణం గురించి రాసిన పుస్తకం 1936లో వచ్చింది. పేరుకి అర్థం 'ఉత్త కాళ్లతో మారిటానియా గుండా' అని. ఆ ఏడే ఇద్దరూ మళ్లీ బయల్దేరారు. తౌదెన్ని గనుల ఉప్పు పలకలు మోసే ఒంటెల బిడారు కథ 1940లో పుస్తకమైంది. మారిటానియా వాళ్ల కళల మీద, ఆచారాల మీద ఆమె రాసిన పెద్ద రచన, బొమ్మలతో సహా, పత్రికలో భాగాలుగా రావడం మొదలైంది 1967లో. అప్పటికి ఆమెకి డెబ్భై దాటాయి! 1991లో మొరాకోలోని రబాత్‌లో కన్నుమూసింది.

ఇదంతా చెబితే మా అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే నువ్వేం గీస్తావు?" అంది.

ఎడారి నాకెక్కడ దొరుకుతుంది? మా అత్తగారి ఆవకాయ జాడీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఇరవై ఏళ్లుగా రోజూ ముట్టుకుంటున్నానా, దాని మెడ చుట్టూ సన్నటి గోధుమరంగు గీత ఉందని మొన్ననే చూశాను.