మీకు తెలుసా? కటకానికి ముందు ముఖలింగమే!

పూరీ జగన్నాథుడి గుడి కట్టించడం మొదలుపెట్టిన అనంతవర్మ చోడగంగదేవుడు 1078లో గద్దెనెక్కేనాటికి గంగరాజుల రాజధాని ఎక్కడో కాదు, మన టెక్కలికి పడమట, వంశధార ఒడ్డునున్న శ్రీముఖలింగం. అప్పటి పేరు కళింగనగరం. రాజధాని కటకానికి తరలింది ఆ తర్వాతే. ఇప్పుడా శ్రీముఖలింగం జలుమూరు మండలంలో ఓ పల్లె. మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వర ఆలయాలు మాత్రం నిలిచాయి. మధుకేశ్వరుడి గుడిలో ఎటు చూసినా శాసనాలే.

ఇంతకీ ఆ శాసనాలు చదివి, కళింగనగరం ఈ ఊరేనని వాదించిన వారిలో ముందువరసలో ఉన్నదెవరు? దగ్గర్లోని పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి! పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, గురువంటూ లేకుండానే పాత లిపులు నేర్చుకున్నారాయన. వాడుకభాష కోసం ఆయన పోరు ఇంకా మొదలుకాలేదప్పటికి.