రెండో సింగిల్స్ లెక్క

2015 ఏప్రిల్ 13న సానియా మీర్జా మహిళల డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. అదే వారం హైదరాబాద్‌లో, సొంత ఊళ్లో, దేశం తరఫున ఆడింది. ఆ పోటీ ఫెడ్ కప్. అందులోనూ ఆసియా–ఓషియానియా జోన్, ఆ జోన్‌లోనూ గ్రూప్-2. పైన ప్రపంచ స్థాయి జట్లు, వాటి కింద జోన్ గ్రూప్-1, ఇంకా కింద గ్రూప్-2. ప్రపంచంలో డబుల్స్ ఆడేవాళ్లందరిలో మొదటి స్థానంలో ఉన్న మనిషి, దేశం జట్టుతో వచ్చేసరికి ఆసియా రెండో అంచెలో ఉందన్నమాట. చివరికి ఫిలిప్పీన్స్‌తో జరిగిన పోరులో సింగిల్స్ చెరొకటి అయ్యాయి. నిర్ణాయక డబుల్స్‌ను సానియా, ప్రార్థన థోంబరే జోడీ గెలిచింది. ఇండియా 2–1తో గ్రూప్-1కు ఎక్కింది.

ఒక్క మనిషి ఎంత గొప్పగా ఆడినా జట్టు ఎందుకు కింద ఉండిపోతుంది? ఎక్కాక మళ్లీ ఎందుకు దిగుతుంది? దీనికి సమాధానం చాలావరకు ప్రాబబిలిటీ లెక్కలో ఉంది.

ముందు ఏర్పాటు సంగతి. పురుషుల డేవిస్ కప్ 1900లో అమెరికా, బ్రిటన్ మధ్య మొదలైంది. మహిళల ఫెడ్ కప్ 1963లో లండన్‌లో 16 దేశాలతో మొదలై, 2020 నుంచి బిల్లీ జీన్ కింగ్ కప్ అనే పేరుతో నడుస్తోంది. దేశాలు పెరిగేకొద్దీ అందరినీ ఒకే గంపలో వేయడం కుదరలేదు. అందుకే జోన్లు, జోన్లలో అంచెలు. డేవిస్ కప్‌లో 16 జట్ల ప్రపంచ గ్రూప్, దానితోపాటు ఎక్కడం దిగడం 1981లో వచ్చాయి. మహిళల జోన్ పోటీలకు జట్లన్నీ ఒకే ఊళ్లో దిగుతాయి. ఒక్క వారంలో అంతా తేలిపోతుంది. పేద దేశాలకు ఇది ఖర్చు కలిసొచ్చే పద్ధతి. కానీ ఏడాది భవిష్యత్తు నాలుగైదు రోజుల ఆట మీద ఆధారపడుతుంది.

ఒక పోరులో మూడు మ్యాచ్‌లు. మొదట ఇరుజట్ల రెండో ర్యాంకు క్రీడాకారిణులు తలపడతారు, తర్వాత మొదటి ర్యాంకు వాళ్లు, చివర డబుల్స్. ఎవరిని ఆడించాలో కెప్టెన్ ఇష్టం. ఆడించే ఇద్దరి వరస మాత్రం ర్యాంకింగే తేలుస్తుంది. మన బలహీనమైన ప్లేయర్ని అవతలి నంబర్ వన్‌కు బలి ఇచ్చి, మన బలమైన ప్లేయర్‌తో వాళ్ల నంబర్ టూను కొట్టించే ఎత్తు ఇక్కడ పారదు.

జట్లు ఒకదాన్నొకటి గుండ్రంగా కొట్టుకుంటే? దీనికి మా వైపు ఊళ్లే తీసుకుందాం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం జట్లు ఒకే గ్రూపులో ఉండి ఒకదానితో ఒకటి ఆడాయనుకోండి. మదనపల్లె పుంగనూరును గెలిచింది, పుంగనూరు కుప్పాన్ని గెలిచింది, కుప్పం వచ్చి మదనపల్లెను గెలిచింది. ఇదేదో అరుదైన వింత కాదు. మూడు జట్లూ సమ ఉజ్జీలైతే మూడు పోర్ల ఫలితాలు 8 రకాలుగా రావచ్చు. వాటిలో 2 ఇలా చక్రం తిరుగుతాయి. అంటే నాలుగింట ఒక వంతు.

అన్ని పోర్లూ 2–1తోనే ముగిశాయనుకుంటే పోర్లు తలా ఒకటి, మ్యాచ్‌లు తలా మూడు. ఇద్దరే సమానమైతే వాళ్లిద్దరి మధ్య గెలిచిందెవరో చూస్తే సరిపోయేది. ముగ్గురు కాబట్టి సెట్లలోకి దిగాలి. మదనపల్లె పుంగనూరు మీద రెండు మ్యాచ్‌లనూ వరస సెట్లలో గెలిచి, ఒకటి వరస సెట్లలోనే ఓడింది: సెట్లు 4–2. పుంగనూరు కుప్పం మీద గెలిచిన రెండు మ్యాచ్‌లూ మూడేసి సెట్లు సాగాయి, ఓడినది రెండు సెట్లలో పోయింది: 4–4. కుప్పం మదనపల్లె మీద గెలిచింది కూడా అచ్చం అలాగే: 4–4. ఇప్పుడు కూడండి. మదనపల్లె 14 సెట్లలో 8 గెలిచింది. కుప్పం కూడా 8 గెలిచింది, కాకపోతే 16లో. పుంగనూరు 14లో 6. శాతాల్లో చూస్తే మదనపల్లె 57, కుప్పం 50, పుంగనూరు 43. గెలిచిన సెట్ల సంఖ్య చూస్తే మదనపల్లె, కుప్పం సమానం. శాతం చూస్తేనే తేడా తెలుస్తుంది. నిబంధనల్లో సెట్ల శాతం అని రాసింది ఇందుకే. అక్కడా తేలకపోతే గేముల శాతం, ఆపైన ర్యాంకింగ్.

టీవీ ముందు కూర్చున్నవాళ్లు 2–0 కాగానే లేచిపోతారు. ఆటగాళ్లకు ఆ వీలు లేదు. అప్పటికే తేలిపోయిన పోరులో డబుల్స్ ఆడితే, ఆ మ్యాచూ మొత్తం లెక్కలోకి చేరుతుంది. వారం చివర ఎవరు పైకెళ్తారో దాని మీదే తేలవచ్చు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. డబుల్స్ విలువ ఎంత? మూడు మ్యాచ్‌లలో ఒకటి కాబట్టి మూడో వంతు అనిపిస్తుంది. అది పొరపాటు. డబుల్స్ పనికొచ్చేది సింగిల్స్ చెరొకటి అయినప్పుడే.

ఒక ఊహాజనిత జట్టును తీసుకుందాం. డబుల్స్‌లో గెలిచే అవకాశం నూటికి 90, ఆనాటి సానియా లాంటి క్రీడాకారిణి ఉందనుకోండి. సింగిల్స్‌లో ఇద్దరికీ చెరి 50. రెండు సింగిల్సూ గెలిచే అవకాశం 25, చెరొకటయ్యే అవకాశం 50, అందులో తొంభై శాతం అంటే 45. మొత్తం 70. అదే సింగిల్స్‌లో ఒకరికి 70, ఇంకొకరికి 30 ఉంటే? ఇద్దరి బలం కూడితే మళ్లీ నూరే. కానీ రెండూ గెలిచే అవకాశం 21కి తగ్గి, చెరొకటయ్యే అవకాశం 58కి పెరుగుతుంది. 58లో తొంభై శాతం 52, మొత్తం 73. డబుల్స్ బలంగా ఉన్న జట్టుకు ఇద్దరు మధ్యరకం సింగిల్స్ క్రీడాకారిణుల కంటే ఒక మంచి, ఒక బలహీన క్రీడాకారిణి ఉండటమే మేలన్నమాట! కోచ్‌లు దీన్ని లెక్క వేసి చెబుతారో లేదో కానీ, ఆసియా జోన్‌లో ఇండియా ఏళ్ల తరబడి బతికింది ఈ కిటుకుతోనే అని నాకనిపిస్తుంది.

2020 మార్చిలో దుబాయ్‌లో ఇదే జరిగింది. తల్లయ్యాక తిరిగి వచ్చిన సానియా, అంకిత రైనాతో కలిసి డబుల్స్ ఆడింది. చైనా చేతిలో ఓడినా ఇండియా గ్రూప్-1లో రెండో స్థానంలో నిలిచి, మొదటిసారి ప్లే-ఆఫ్‌కు చేరింది. ఆ ప్లే-ఆఫ్ 2021 ఏప్రిల్‌లో లాత్వియాలోని యుర్మలాలో జరిగింది. అక్కడ పద్ధతే వేరు: నాలుగు సింగిల్స్, ఆఖర్న ఒక డబుల్స్. ఓస్టపెంకో, సెవస్తోవా లాంటి ఇద్దరు గట్టి సింగిల్స్ క్రీడాకారిణులున్న జట్టు మీద మన జట్టు 1–3తో ఓడింది. ఫలితం తేలడానికి డబుల్స్ అవసరమే రాలేదు.

2025 ఏప్రిల్‌లో పుణెలో బలం మరో వైపు నుంచి వచ్చింది. హైదరాబాద్ అమ్మాయి భమిడిపాటి శ్రీవల్లి రష్మిక ఐదు పోర్లలో ఐదు సింగిల్సూ గెలిచింది. ఒక సింగిల్స్ చేతిలో ఉన్నట్టే అయితే మిగిలిన రెండిట్లో ఒక్కటి చాలు. రెండో సింగిల్స్‌లో 30, డబుల్స్‌లో 60 శాతమే అవకాశం ఉన్నా పోరు గెలిచే అవకాశం 72. జట్టులో మరో తెలుగమ్మాయి యమలపల్లి సహజ కూడా ఉంది. న్యూజిలాండ్ చేతిలో ఓడినా మిగతా నాలుగూ గెలిచి, ఇండియా రెండో స్థానంతో మళ్లీ ప్లే-ఆఫ్‌కు ఎక్కింది. నవంబరులో ఆ పోర్లు కుప్పంవాళ్లు రైలెక్కితే చూసి రాగల బెంగళూరులోనే జరిగాయి. స్లొవేనియా, నెదర్లాండ్స్ రెండింటి చేతిలోనూ ఓడి మన జట్టు తిరిగి జోన్‌లోకే దిగింది.

పై అంచెలోని జట్లతో లెక్క ఎలా మారుతుందో చూడండి. మన మొదటి సింగిల్స్‌కు 30, రెండో సింగిల్స్‌కు 15 శాతమే అవకాశం ఉందనుకుందాం. డబుల్స్ 90 ఉన్నా పోరు గెలిచే అవకాశం 37 దగ్గరే ఆగుతుంది. డబుల్స్‌ను ఎప్పటికీ ఓడని జోడీగా, నూటికి నూరుగా మార్చినా 40, 41 దాటదు. డబుల్స్‌ను 90 దగ్గరే వదిలేసి, రెండో సింగిల్స్ అమ్మాయిని 15 నుంచి 30కి తీసుకురండి: 47.