చదరంగపు బల్ల మీద ప్రధాన సంఖ్యలు

బ్రూస్‌పేటలో ఇంట తెలుగు, బడిలో కన్నడం అన్న పిల్లలు మనకు కొత్త కాదు. లెక్కలు మాత్రం ఈ రెండు భాషల పొలిమేరను ఏనాడో దాటినవి. తొమ్మిదవ శతాబ్దిలో, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలాన, మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని పదకొండవ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు పద్యాలలో పెట్టినాడు.

ఆ మల్లన పేర పెద్దలు చెప్పుకొనే పద్యమొకటి ఉన్నది. చదరంగపు బల్లలో మొదటి గడికి ఒక గింజ, రెండవ దానికి రెండు, మూడవ దానికి నాలుగు, ఇట్లు రెట్టిస్తూ పోతే 64 గడులకూ మొత్తమెంత? జవాబు 1,84,46,74,40,73,70,95,51,615. ఈ ఇరవై అంకెలూ ఒక్క పద్యంలో ఇమిడినవి. మన్మథుని బాణాలు ఐదు గనుక శరమంటే 5, చంద్రుడు ఒక్కడే గనుక శశి అంటే 1. ఒకట్ల స్థానం నుండి ఎడమకు వ్రాసుకొంటూ పోవాలి.

ఇందులో ఇంకొక వింత ఉన్నది. ఒక్కొక్క గడి వద్ద ఆగి, అప్పటికైన మొత్తం చూడండి: 1, 3, 7, 15, 31, 63, 127. వీటిలో 3, 7, 31, 127 ప్రధాన సంఖ్యలు; ఒకటితోను, తమతోను తప్ప మరి దేనితోను నిశ్శేషంగా భాగింపబడవు. అవి వచ్చిన గడులు 2, 3, 5, 7. అవీ ప్రధాన సంఖ్యలే! కారణం సులభం. ఆరు గడులను మూడేసిగా విడదీస్తే, మొదటి మూడింటిలో 7 గింజలు, తరువాతి మూడింటిలో దానికి 8 రెట్లు. మొత్తం 7×9, అనగా 63. గడుల లెక్క సమభాగాలైతే గింజల లెక్కా భాగింపబడుతుంది.

గడి సంఖ్య ప్రధానమైతే చాలునా? చాలదు. 11వ గడి వద్ద మొత్తం 2047, అది 23×89.

1644లో ఫ్రాన్సు దేశపు సన్యాసి మెర్సెన్ ఇట్టి గడుల పట్టిక ప్రకటించినాడు. అందులోని 31వ గడి మొత్తం 214,74,83,647 ప్రధానమేనని 1772లో ఆయిలర్ నిరూపించినాడు. కాని 61వ గడిని మెర్సెన్ వదలివేసినాడు. పెద్దవాని మాట గదా! 239 ఏండ్లు గడిచినవి. 1883లో పెర్వూషిన్ అనే రష్యా పల్లెటూరి మతగురువు ఓపికతో లెక్కించి, ఆ మొత్తం 23,05,84,30,09,21,36,93,951 కూడ ప్రధానమేనని తేల్చినాడు. బల్ల మీద ఇట్టి గడులు తొమ్మిదే: 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61. మల్లన లెక్క చివర 5 ఉన్నది గనుక అది ప్రధానం కాదని పిల్లలే చెప్పగలరు.

బల్ల దాటి 13,62,79,841 గడుల దాకా పోతే వచ్చే ప్రధాన సంఖ్యను 2024 అక్టోబరులో ప్రకటించినారు. దానికి 4,10,24,320 అంకెలు! అప్పటికి తెలిసినవాటిలో అదే పెద్దది. ఇట్టివి అనంతమా అన్నది ఇంకా ఎవరూ తేల్చలేదు.

పిల్లలకొక పని చెబుతాను. 13వ గడి మొత్తం 8191. 90 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితోను భాగించి చూడనక్కర లేదు. ఫెర్మా చూపిన సూత్రం ప్రకారం, దానిని భాగించగల ప్రధాన సంఖ్య 26 గుణిజం కన్న ఒకటి ఎక్కువ కావాలి. అనగా 53, 79 చాలును. రెండు భాగహారాలు; కాగితం, పెన్సిలు ఉంటే ఐదు నిమిషాలు. నా మాట నమ్మవద్దు. మెర్సెన్‌ను నమ్మినందుకు ఏమైనదో చూచినారు గదా! చేసి చూడుడు.