అల్బర్టా ఎవరికీ చెక్కు రాసివ్వడం లేదు

అల్బర్టా ప్రభుత్వం ఏటా తన ఖజానాలోంచి క్యూబెక్‌కు వెయ్యి కోట్లకు పైగా డాలర్లు పంపుతోందన్న మాట పశ్చిమ కెనడాలో ఎంత బలంగా నాటుకుందంటే, 2021 అక్టోబరులో దాని మీద ఏకంగా ప్రజాభిప్రాయ సేకరణే జరిగింది. రాబడి తక్కువున్న ప్రావిన్సులకు ఫెడరల్ ప్రభుత్వం సొమ్ము ఇచ్చే ఈక్వలైజేషన్ హామీని రాజ్యాంగంలోంచి తీసేయాలని ఓటు వేసినవారిలో దాదాపు 62 శాతం కోరారు. అలాంటి సవరణకు పార్లమెంటుతో పాటు, దేశ జనాభాలో కనీసం సగం మంది ఉన్న ఏడు ప్రావిన్సులు ఒప్పుకోవాలి. అందుకే ఆ తీర్పుతో ఒక్క డాలరు కూడా ఇటునుంచి అటు కదల్లేదు. మిగిలిందల్లా మోసపోయామన్న కోపం. విడిపోదామనేవాళ్లు ఇప్పుడు రాజేస్తున్నది దాన్నే.

ఈక్వలైజేషన్‌కు అల్బర్టా ప్రభుత్వం ఒక్క సెంటు కూడా ఇవ్వదు. ఆ సొమ్మంతా ఒట్టావాలోని ఫెడరల్ ప్రభుత్వ సొంత రాబడిలోది: ఆదాయపు పన్ను, కంపెనీల పన్ను, జీఎస్టీ. కాల్గరీ, ఎడ్మంటన్‌లలో స్థిరపడ్డ తెలుగువాళ్లు తమ పన్ను రిటర్ను తీసి చూస్తే 42000 వరుసలో ఫెడరల్ పన్ను, 42800 వరుసలో ప్రావిన్సు పన్ను విడివిడిగా కనిపిస్తాయి. ఈక్వలైజేషన్‌కు రెండో వరుసతో సంబంధమే లేదు. అంతే జీతం, అవే మినహాయింపులు ఉన్న హాలిఫాక్స్ ఇంజినీరు మొదటి వరుసలో కట్టేదీ అంతే. అల్బర్టా నుంచి మొత్తం మీద ఎక్కువ పోతోందంటే అక్కడ జీతాలు ఎక్కువ, పనిచేసే వయసువాళ్లు ఎక్కువ. మరి బడ్జెట్ లోటులో పడ్డప్పుడైనా అల్బర్టాకు ఎందుకు ఇవ్వరంటారా? ఈ సూత్రం లోటును చూడదు. దేశ సగటు రేట్లతో పన్నులు వేస్తే ఆ ప్రావిన్సుకు ఎంత వస్తుందో చూస్తుంది. సొంత అమ్మకం పన్ను లేని ఏకైక ప్రావిన్సు అల్బర్టాయే. వేయకపోవడం దాని హక్కు. వేయనందువల్ల వచ్చిన లోటును పక్కవాడి దోపిడీ అనడం మాత్రం అన్యాయం.

తక్కిన అపోహలకు ఇంత చర్చ అక్కర్లేదు. చమురు ఒట్టావాది కాదు, 1930 నుంచీ ప్రావిన్సుదే. మైదాన ప్రావిన్సులన్నీ నష్టపోతున్నాయనేదీ అబద్ధమే, మానిటోబాకు ఏటా ఈ సొమ్ము అందుతోంది. క్యూబెక్‌కు మొత్తం ఎక్కువే గానీ, తలసరి లెక్కలో ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్‌కు వచ్చేదే ఎక్కువ.

అయితే అల్బర్టా ఫిర్యాదులో ఒకటి ఒప్పుకోక తప్పదు. ప్రావిన్సు రాబడి హఠాత్తుగా పడిపోతే ఆదుకోవడానికి ఫిస్కల్ స్టెబిలైజేషన్ అనే వేరే పథకం ఉంది. దానికి 1987లో తలకు 60 డాలర్ల పరిమితి పెట్టి దశాబ్దాల పాటు కదపలేదు. 2015-16లో అల్బర్టా సహజ వనరుల రాబడి 890 కోట్ల డాలర్ల నుంచి 280 కోట్లకు కూలితే, చేతికొచ్చింది పాతిక కోట్లు. 2020లో పరిమితిని 170కి పెంచారు; చమురు ధరతో లేచి పడే ప్రావిన్సుకు అదీ చాలదు.

పోరాడాల్సింది దీని మీద. ఇంటి లెక్క కూడా తేల్చుకోవాలి. చమురు రాబడిని రాబోయే తరాలకు దాచేందుకు అల్బర్టాలో పీటర్ లాహీడ్ ప్రభుత్వం 1976లోనే హెరిటేజ్ ఫండ్ పెట్టింది. 1987లో అందులో రాయల్టీలు జమచేయడం ఆపేశారు. నార్వే తన చమురు నిధికి చట్టం చేసింది 1990లో, ఇప్పుడది లక్ష కోట్ల డాలర్లు దాటింది. ఈసారి ఓటడగడానికి వచ్చేవాళ్లను క్యూబెక్ గురించి కాదు, స్టెబిలైజేషన్ పరిమితిపై ఒట్టావాతో ఏం మాట్లాడతారో, రాయల్టీల్లో ఏటా ఎంత శాతం ఆ ఫండ్‌లో వేస్తారో అడగండి.